యాప్‌లో ఫిట్‌నెస్ ఉంటే కారు ఫిట్‌గా ఉన్నట్టేనా?

వాట్సాప్ గ్రూపుల్లో చాలాకాలంగా తిరుగుతున్న సందేశం ఒకటి ఈమధ్య మళ్ళీ ఊపందుకుంది. దాని సారాంశం ఇది: పాత కారు కొనేటప్పుడు మెకానిక్‌కు డబ్బు దండగ. కేంద్ర రవాణా శాఖ వారి ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టండి. ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, పొల్యూషన్ మూడూ చెల్లుబాటులో ఉండి, ఓనరు ఒక్కరే అయితే కళ్ళు మూసుకుని కొనేయండి. ప్రభుత్వం తనిఖీ చేసి ఇచ్చిన కాగితాలను మించిన హామీ ఏముంటుంది?

యాప్ చూడవద్దని ఎవరూ అనరు. బండి మోడల్, రిజిస్ట్రేషన్ తేదీ, ఇంధనం అమ్మేవారు చెప్పినదానితో సరిపోయాయో లేదో రెండు నిమిషాల్లో తేలుతుంది. నంబరు ప్లేటు ఒక బండిది, బండి ఇంకొకటి అయితే అక్కడే దొరికిపోతుంది. నా పేచీ అంతా ‘కళ్ళు మూసుకుని’ అన్న ముక్కతోనే.

మొదటి వాదన: ఫిట్‌నెస్ 2036 దాకా ఉంది కాబట్టి కారు బాగున్నట్టే. ఈ సందేశంలో అన్నింటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాడకపు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. యాప్‌లో ఫిట్‌నెస్ గడువుగా కనిపించేదీ అదే. 2021లో షోరూం నుంచి కొత్త కారు బయటికి వచ్చినప్పుడే 2036 అన్న తేదీ పడిపోతుంది. ఆ తర్వాత అది వరదలో మునిగినా, లారీ గుద్దితే ముందు భాగమంతా మార్చినా ఆ తేదీ చెక్కుచెదరదు. 15 ఏళ్ళు నిండి రెన్యువల్‌కు వెళ్ళినప్పుడు గానీ ఫిట్‌నెస్ పరీక్ష అన్నది రాదు. ఆపైన అయిదేళ్ళకోసారి. క్యాబ్‌లు, లారీల సంగతి వేరు. వాటికి కొత్తలో రెండేళ్ళు ఇస్తారు, ఎనిమిదేళ్ళు వచ్చేదాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటేటా పరీక్ష ఉంటుంది. అంటే అయిదారేళ్ళ వయసున్న సొంత కారుకు ప్రభుత్వ తనిఖీ చరిత్ర అనేది అసలు లేనే లేదు. లేనిదాన్ని యాప్ ఎక్కడినుంచి తెచ్చి చూపిస్తుంది?

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళు ‘నంబరు కొట్టి చూడు’ అని సలహా ఇస్తే దానికి అర్థం ఉంది. అక్కడ మూడేళ్ళు దాటిన కారుకు ఏటా ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి. 2005 నుంచి జరిగిన పరీక్షల ఫలితాలు, ఏ లోపం వల్ల తప్పింది, అప్పటికి మీటరు ఎంత ఉంది అన్నవన్నీ ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. అంత పకడ్బందీ వ్యవస్థలో కూడా ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ పరిస్థితి ఎంఓటీ పరిధిలోకి రాదని అక్కడి ప్రభుత్వమే చెబుతుంది. ఇక మన 2036 ఏం హామీ ఇస్తుందో మీరే ఊహించుకోండి.

రెండో వాదన: ఇన్సూరెన్సు ఉంది కాబట్టి ప్రమాదాలు జరగలేదు. ఈ రెండింటికీ సంబంధమే లేదు. థర్డ్ పార్టీ పాలసీని ఎవరూ బండిని చూడకుండానే ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. యాప్‌లో కనిపించేది పాలసీ గడువు. క్లెయిమ్‌ల చిట్టా అక్కడ ఉండదు. దాని జాడ పాత పాలసీ కాగితాల్లో దొరుకుతుంది. క్లెయిమ్ లేని ఏడాదికి నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై 25, 35, 45 మీదుగా 50కి చేరుతుంది. అయిదేళ్ళ కారు, ఒకే ఓనరు, ఏటా పాలసీ కట్టారు, అయినా బోనస్ గడిలో సున్నా ఉందంటే మధ్యలో క్లెయిమ్ పడి ఉండవచ్చు. పాలసీ 90 రోజులకు మించి ఆగిపోయినా సున్నా అవుతుంది కాబట్టి వెంటనే నింద వేయకండి, అడగండి. నిజంగా క్లెయిమ్ అయితే దేనికి, ఎంత బిల్లు అన్నది అసలు ప్రశ్న. బంపర్ గీతకూ ఛాసిస్ వంకరకూ చాలా దూరం.

మూడోది పొల్యూషన్ సర్టిఫికెట్. పెట్రోలు బండికి సైలెన్సర్ గొట్టంలో పరికరం పెట్టి వాయువులు కొలుస్తారు, డీజిల్‌కు పొగ చిక్కదనం చూస్తారు. బ్రేకులు, సస్పెన్షన్, గేర్లు ఆ పరికరానికి కనిపించవు. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

నాలుగో వాదన దగ్గర కాస్త ఆగాలి: ఓనరు ఒక్కరే, తిరిగింది తక్కువ. (ఇలాంటి ప్రతి కారూ ఎవరో డాక్టరుగారు ఆదివారాలు మాత్రమే బయటికి తీసినదే అవుతుంది. అంతమంది డాక్టర్లు ఎక్కడున్నారో మరి.) అమ్మినాయన ఓనరు పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టి ఇచ్చేస్తాడు. ఆ కాగితాలతో బండి పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీ నుంచి ఇంకో కన్సల్టెన్సీకి, ఇద్దరు ముగ్గురు వాడకందార్లకు మారినా ఆర్సీలో పేరు మొదటాయనదే ఉంటుంది. యాప్ అబద్ధం చెప్పలేదు, దానికి తెలిసింది అంతే. అందుకే ఆర్సీలో పేరున్న మనిషితో నేరుగా మాట్లాడకుండా బేరం తెగ్గొట్టకండి.

కిలోమీటర్ల సంగతికి వస్తే, డిజిటల్ మీటరు తిప్పడం ఇప్పుడు చాలా సులువు. దాన్ని పట్టించే సాక్ష్యాలు కారులోనే ఉంటాయి. 2019 మోడల్, మీటరులో 28,000 అనుకుందాం. టైరు పక్క గోడ మీద చివరి నాలుగంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. నాలుగు టైర్లూ 2023వి, డిక్కీలో స్టెప్నీ మాత్రం 2019ది అయితే 28,000కే టైర్లన్నీ ఎందుకు అరిగాయో చెప్పమనండి. క్లచ్, బ్రేకు పెడళ్ళ రబ్బరు మీద గీతలు చెరిగి నున్నబడ్డాయా? డ్రైవరు సీటు తలుపు వైపు అంచు కుంగిందా? వీటన్నింటికంటే గట్టి ఆధారం కంపెనీ సర్వీసు సెంటర్ రికార్డు. ఓనరును వెంటబెట్టుకుని వెళ్ళి ప్రింటు అడగండి. వచ్చిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, మార్చిన సామాను అందులో ఉంటాయి. 2022 సర్వీసులో 71,000 ఉండి ఇవాళ మీటరు 28,000 చూపిస్తుంటే ఇక మాట్లాడటానికి ఏమీ ఉండదు. సొంత కారుకు మన దగ్గర తనిఖీ చరిత్ర అనదగ్గది ఏదైనా ఉంటే అది ఇదే.

చివరిది, మెకానిక్ దండగ అన్న మాట. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగాయి. కార్లూ మునిగాయి. బాగుచేయించడం గిట్టదని బీమా సంస్థ టోటల్ లాస్ కింద లెక్కగట్టిన బండ్లు వేలానికి వెళ్తాయి. కొన్నవాళ్ళు వాటిని కడిగి, బాగుచేసి, మళ్ళీ అమ్మకానికి పెట్టడం ఈ వ్యాపారంలో ఉన్నదే. యాప్‌లో ఆ కారు కాగితాలు సలక్షణంగా ఉండవచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో మట్టి చార కనబడుతుందేమో. సీటు పట్టాల అడుగున తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, కార్పెట్ ఎత్తితే ముక్కిన వాసన, వీటిని ఏ పాలిషూ పూర్తిగా కప్పలేదు.

చూసుకోవడానికి పొద్దున్నే వెళ్ళండి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంచమని ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ముందే వేడి చేశారన్నమాట. చల్లటి ఇంజిన్ ఇబ్బందులు దాయడానికి ఇదొక పద్ధతి. మీ వెంట వచ్చిన మెకానిక్ ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి చూస్తాడు. అక్కడినుంచి పొగ బుసబుసా తన్నుకొస్తే దాన్ని బ్యాక్ కంప్రెషన్ అంటాడు. పిస్టన్ రింగులు అరిగిన ఇంజిన్ పని బిల్లు అప్పుడు మీకు కళ్ళకు కడుతుంది. ఫెండర్, బానెట్ బోల్టుల తలల మీద రంగు లేచి ఉంటే వాటిని ఎవరో విప్పారు. అద్దాల మూల తయారీ గుర్తులు పోల్చి చూసి, ఒక్కటి వేరే ఏడాదిది అయితే ఆ వైపు తలుపును మరింత నిదానంగా పరిశీలిస్తాడు. ఒక పూట కూలికి ఇంత చెప్పే మనిషిని దండగ అనడం అన్యాయం.

కాగితాల్లో యాప్ తర్వాత కూడా చూడాల్సినవి ఉన్నాయి. లోను తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోతుంది. లోను తీరిందని తెలిపే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఉంటే గానీ అది పోదు. దిల్లీ ప్రాంతంలో పదేళ్ళ డీజిల్ బండ్ల మీద ఆంక్షల పుణ్యమా అని చౌకగా వచ్చే కార్లకు అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్క వేసుకోండి. అడ్వాన్సు ఇచ్చేముందు ఆర్సీలోని ఛాసిస్ నంబరును బండి మీద చెక్కిన నంబరుతో అంకె అంకె సరిచూడండి. సర్వీసు రికార్డు అమ్మేవారు చెప్పినదానికి విరుద్ధంగా వచ్చినా, బ్యాంకు ఎన్‌ఓసీ రాకపోయినా అడ్వాన్సు తిరిగి ఇస్తామని రసీదులో రాయించుకోండి. ఆ ఒక్క వాక్యం రాయడానికి అమ్మేవారు నీళ్ళు నమిలితే, ఫిట్‌నెస్ ఏ సంవత్సరం దాకా ఉన్నా సరే, ఇంకో కారు చూసుకోండి.