బోడిగుండుకీ మోకాలికీ

టెక్కలి నుంచి పర్లాకిమిడి వచ్చి పద్దెనిమిదేళ్లయింది. ఇక్కడ తెలుగుతోనే పని గడిచిపోతుంది కాబట్టి నా ఒడియా సంతబేరాలు దాటలేదు. దాని ఫలితం మొన్న అనుభవించాను.

వేసవిలో సంత నుంచి తెచ్చిన పనసకాయను, వీధంతా చూస్తోందన్న భ్రమలో, వంగి ఒంటిచేత్తో లేపాను. (ఎవరూ చూడలేదు.) అప్పుడేం కాలేదు. వారం తిరక్కుండా కుడి మోకాలి ముందు పోటు మొదలైంది. రెండు ట్యూబుల ఆయింట్‌మెంటు, ఆముదం, ఆవనూనె, పైన మోకాలి పట్టీ. "ఏటండీ, మోకాలికి ఇన్ని పోపులెట్టినా దిగదేటి?" అంది మా ఆవిడ. మెట్లెక్కితే నొప్పి లేదు. షాపులో గంట కూర్చుని లేస్తే మాత్రం ప్రాణం పోయేది. అదేం విచిత్రమో అప్పుడు ఆలోచించలేదు.

ఫిజియోథెరపిస్టు ఒడియా అమ్మాయి. ఆవిడ భాషలోనే చెప్పి మెప్పు పొందుదామని "అంటా బింధుచి" అన్నాను. ఒడియాలో ఆంఠు అంటే మోకాలు, అంటా అంటే నడుము. దీర్ఘం, ఒత్తు రెండూ నా నోట్లోనే జారిపోయాయి.

ఇంకేముంది, నిలబెట్టి ముందుకు వంచింది, వెనక్కి వంచింది. మూత్రం సాఫీగా అవుతోందా, తొడల మధ్య తిమ్మిరి ఉందా అనడిగింది. మా ఆవిడ ఫ్యాను వైపు చూసింది. తర్వాత నన్ను బోర్లా పడుకోబెట్టి కుడి మడమను పిరుదు వైపు మడిచింది. తొడ ముందు నుంచి మోకాలి దాకా ఎవరో తీగ పట్టి లాగినట్టయింది.

"నడుం కాదమ్మా, మోకాలు! మోకాలు!" అని తెలుగులో అరిచాను.

ఆవిడ నవ్వు ఆపుకుని నన్ను కూర్చోబెట్టి, చిన్న సుత్తితో మోకాలి చిప్ప కింద తట్టింది. ఎడమ కాలు చెంగున ఎగిరింది. కుడిది ఆదివారం గుమాస్తాలా కదిలింది. చిప్పను అటూ ఇటూ జరిపింది, కాలు మెలితిప్పింది. చీమ కుట్టినంత నొప్పి లేదు.

"మోకాలు మంచిది. గొడవ నడుములో" అంది, వచ్చీరాని తెలుగులో.

నడుములో 5 వెన్నుపూసలున్నాయట. మధ్యలోని వాటి దగ్గర బయల్దేరే నరాలు తొడ ముందు నుంచి మోకాలి దాకా వెళతాయట. అక్కడ రాపిడి జరిగితే మెదడు ఆ ఖర్చు మోకాలి ఖాతాలో రాసేస్తుంది. నరం నలక్కపోయినా ఇలా జరగొచ్చట. 1939లోనే కెల్‌గ్రెన్ అనే డాక్టరు మనుషుల వెన్నుపూసల్ని కలిపి ఉంచే కట్టుల్లోకి (లిగమెంట్లలోకి) ఉప్పునీరు ఎక్కించి చూస్తే, నొప్పి ఎక్కడో దూరంగా తేలింది. ఎక్కించుకున్నవాళ్లకి దండం పెట్టాలి.

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకురా అని మా నాన్న నన్ను తిట్టని రోజు లేదు. గుండు సంగతేమో గానీ నడుముకి మాత్రం ముడి ఉంది.

నాకు వెనక్కి వంగితే హాయిగా ఉందని గమనించి, బోర్లా పడుకుని మోచేతుల మీద లేచే కసరత్తు ఇచ్చింది. రెండు వారాలకి కూర్చుని లేవడం తేలికైంది. ఆ సంతోషంలో వెళ్లి మళ్లీ ఒడియాలోనే "భల అఛి" అన్నాను. ఏది బాగుందో చెప్పబోయి, ఏ ముక్క అన్నానో నాకే తెలియలేదు. ఆవిడ మాత్రం చీటీలో రెండూ రాసుకుంది.