చెయ్యెత్తిన ఇల్లాలిని అడగని ప్రశ్న

భార్య భర్తపై చెయ్యి చేసుకుందని తెలిస్తే రాజోలు టీ కొట్ల దగ్గరైనా, పాలకొల్లు రచ్చబండల మీదైనా ముందు పుట్టేది నవ్వు, ఆ వెనుకే ఆడవాళ్ళు బరితెగించారన్న తీర్పు. ఈ రెండూ మాకు సమ్మతం కావు. దెబ్బ తిన్నది మగవాడైనంత మాత్రాన అది వేళాకోళం కాబోదు. ఆ చెయ్యి ఎందుకు లేచిందో తెలుసుకోకుండా దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

నర్సాపురం వైపు లేసు అల్లే ఒక ఇల్లాలిని తలచుకుందాం. చూపు మసకబారేదాకా అల్లి సంపాదించిన నోట్లను ఆమె పోపుల డబ్బాలో ఆవాల కింద దాచుకుంటుంది. బెల్టు షాపు నుంచి వచ్చిన భర్త ఆ డబ్బా మూత తీస్తాడు. అట్లకాడతో అతని మణికట్టు మీద కొట్టిన ఆ ఒక్క దెబ్బనే వీధి చూస్తుంది. అంతకుముందు ఏళ్ళ తరబడి ఆమె తిన్నవి ఎవరి లెక్కలోకీ రావు.

స్త్రీలు చెయ్యెత్తడానికి పరిశోధకులు గుర్తించిన కారణాల్లో బలమైనది, వారు అప్పటికే భర్త చేతిలో హింస పడుతూ ఉండడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్త కొట్టనప్పుడు తామే ముందు కొట్టామన్న వివాహితలు దేశంలో నూటికి సుమారు నలుగురు, వారిలోనూ భర్త హింసను ఎరిగినవారే ఎక్కువ. మన రాష్ట్రంలో భర్త హింసకు గురయ్యామన్నవారు నూటికి 30 మంది. చిన్నతనంలో తల్లి దెబ్బలు తినడం చూడడం, తామూ తినడం, కుంగుబాటు, మద్యం తర్వాతి కారణాలు. అనుమానంతోనో, పెత్తనం కోసమో కొట్టే స్త్రీలూ ఉన్నారు, వారిని వెనకేసుకు రావలసిన పని లేదు. అయినా 2000లో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ ఆర్చర్ ఎన్నో అధ్యయనాలను క్రోడీకరించి చూపినట్టు, భాగస్వామిపై చెయ్యెత్తడంలో స్త్రీపురుషుల మధ్య తేడా స్వల్పమే గానీ గాయపడేవారిలో స్త్రీలే ఎక్కువ.

2005 గృహహింస చట్టం కింద ఫిర్యాదు చేయగలిగేది స్త్రీ మాత్రమే కనుక దెబ్బ తిన్న భర్త మామూలు శిక్షాస్మృతినే ఆశ్రయించాలి, అందుకు సిగ్గుపడి చాలామంది గడప దాటరు. కౌన్సెలింగ్ బల్ల దగ్గరేమో “ముందు ఎవరు కొట్టారు?” అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టి, సర్దుకుపొమ్మని కాగితం మీద సంతకాలు తీసుకోవడం చూస్తున్నాం. భార్యాభర్తలిద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి, ఇంతకుముందు ఏం జరిగిందో, పుట్టింట్లో ఏం చూసి పెరిగారో, రాత్రి నిద్ర పడుతోందో లేదో అడిగే ఓపిక గల, శిక్షణ పొందినవారిని డెల్టాలో హింసకు గురైన స్త్రీలకు సాయపడే ప్రతి సఖి కేంద్రంలోనూ నియమించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం. ఆ తగవును తలుపు చాటు నుంచి చూసిన పిల్లలతో మాట్లాడే బాధ్యతను కూడా వారికే అప్పగించాలి.