ప్యాంట్రీలో ఉన్నదే చిల్లీ

ఇక్కడ అమెరికాలో మంచు తుఫాను వస్తోందని వార్తల్లో చెప్పగానే మనలో చాలామందిమి కారు తీసి షాపుకి పరుగెడతాం. జారే రోడ్ల మీద ఆ టెన్షన్ ఎందుకు? ముందు ప్యాంట్రీ తలుపు తీసి చూడండి. రెండు డబ్బాల రాజ్మా, పెద్ద డబ్బా టమాటా, రెండు ఉల్లిపాయలు, కాస్త వెల్లుల్లి, జీలకర్ర ఉంటే చాలు, రాత్రికి నలుగురు కడుపునిండా చిల్లీ, అంటే మిరప మసాలాతో చిక్కగా ఉడికించే అమెరికన్ కూర, తినొచ్చు.

చిల్లీ అంటే రెసిపీలో రాసింది రాసినట్టు చేయాల్సిన వంట అనుకుని చాలామంది వెనకాడతారు. ఆ భయం అక్కర్లేదని గట్టిగా చెబుతాను. ఈ వంటకి ఒకే రూపం ఎప్పుడూ లేదు. 19వ శతాబ్దం చివర్లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో కూడళ్లలో, చిల్లీ క్వీన్స్ అని పేరుపడ్డ మెక్సికన్ మూలాల ఆడవాళ్లు సాయంత్రమయ్యేసరికి బల్లలు వేసి వేడివేడిగా దీన్ని అమ్మేవారు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనతో అది మిగతా అమెరికాకీ పరిచయమైంది. 1977లో టెక్సాస్ దాన్ని తమ రాష్ట్ర వంటకంగా ప్రకటించుకుంది. అక్కడ చాలామంది రాజ్మాలాంటి గింజలు వేస్తే అది చిల్లీయే కాదంటారు. ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటీలోనేమో దాల్చినచెక్క వేసి, స్పగెటీ మీద పోసి, పైన చీజ్ చల్లుకుంటారు. ఊరూరా ఇంత మారిన వంట మన ఇంట్లో ఇంకొంచెం మారితే తప్పేముంది?

నా ఓటు గింజలకే. మాంసం తినని ఇళ్లలో చిల్లీకి బలం వాటిదే. రాజ్మా లేకపోతే నల్ల బీన్స్, అవీ లేకపోతే శనగలు. మాంసం తినేవాళ్లు ఫ్రీజర్‌లో ఉన్న టర్కీ కీమానో, బీఫ్ కీమానో ముందుగా వేయించుకోవచ్చు.

అసలు రుచి మాత్రం మొదటి పావుగంటలోనే తయారవుతుంది. ఉల్లిపాయల్ని ఓపిగ్గా ఎర్రగా వేయించాలి. జీలకర్ర పొడి, ఒరెగానో, చిల్లీ పౌడర్ నూనెలో పడి ఘుమఘుమలాడాలి. పోపు పెట్టే చేతికి ఇది ఒకరు నేర్పక్కర్లేదు. టమాటా పేస్టు ఉంటే అదీ రంగు ముదిరేదాకా వేగనివ్వాలి. తర్వాతే డబ్బాలు తెరిచి పోసి, సన్నని సెగ మీద ముప్పావుగంట వదిలేయాలి. పలచగా అనిపిస్తే గరిటెడు గింజలు మెదిపి కలపండి. చివర్లో ఒక చెంచా వెనిగర్ పోస్తే రుచి లేచి నిలబడుతుంది.

రెండు విషయాల్లో మాత్రం ఇష్టమొచ్చినట్టు చేయకూడదు. ఇక్కడి చిల్లీ పౌడర్, మన కారం ఒకటి కావు. అది మిరపతో పాటు జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి కలిసిన మసాలా. ఇది తెలియక మా ఇంట్లో మొదటిసారి మూడు పెద్ద చెంచాల కారం పడింది. పిల్లలు ఒక్క ముద్ద కూడా తినలేక ఆకలితో పడుకున్నారు. ఆ రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. కారమే ఉంటే ఒక చిన్న చెంచాతో మొదలుపెట్టి, రుచి చూసి పెంచండి.

రెండోది ఇంకా ముఖ్యం. పచ్చి రాజ్మాలో కడుపుని గట్టిగా దెబ్బతీసే విషపదార్థం ఉంటుంది. తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే స్లో కుక్కర్ వేడికి అది పోదు సరికదా, సగం ఉడికితే మరింత ప్రమాదం. ఎండు గింజలైతే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లేలా మరిగించాకే చిల్లీలో వేయాలి. మెత్తబడక ముందు టమాటా వేస్తే ఆ పులుపుకి అవి ఎంతకీ ఉడకవు. డబ్బాలో రాజ్మా ముందే ఉడికినవి కాబట్టి ఈ బెంగ ఉండదు.

ఇంకో మాట. చిల్లీ కొంచెం చేయడం కుదరదు. పెద్ద గిన్నె పెట్టి, దగ్గర్లో నడిచి రాగలిగేంత దూరంలో ఉన్న మన విద్యార్థుల్ని పిలవండి. మొదటి చలికాలంలో గదిలో ఒంటరిగా, నూడుల్స్‌తో సరిపెట్టుకునే పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పోయిన జనవరిలో మా వీధి చివర ఉండే ఇద్దరిని పిలిస్తే, వాళ్ల అలమరలో మిగిలిన మొక్కజొన్న డబ్బా ఒకటి పట్టుకొచ్చారు. అదీ గిన్నెలో పోసేశాం.