అయస్కాంతమూ, అమ్మ పంపిన పిన్నీసూ

బెంగళూరులో నేను బంగారం మీద పరిశోధన చేస్తున్నానని తెలిసిన నాటి నుంచీ, మత్తికెరెలోని మా ఇంటి యజమానురాలు, కడప నుంచి వచ్చి స్థిరపడిన పిన్నిగారు, అద్దె రెండు రోజులు ఆలస్యమైనా నవ్వుతూనే పలకరిస్తున్నారు. ఆ బంగారం నీళ్లలో తేలాడే 20 నానోమీటర్ల రేణువులనీ, సీసా అంతా వడగట్టినా ముక్కుపుడకకు చాలదనీ నేను చెప్పలేదు. పైగా అది పసుపుపచ్చగా ఉండదు. రేణువులోని ఎలక్ట్రాన్లు దాదాపు 520 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతితో లయ కలిపి ఊగి, దాన్ని మింగేస్తాయి కనుక ద్రవం దానిమ్మరసంలా ఎర్రగా ఉంటుంది.

ఆ సీసాను అయస్కాంత ధ్రువాల మధ్య పెడితే, ఊగే ఎలక్ట్రాన్లను అయస్కాంత క్షేత్రం పక్కకు నెట్టడం వల్ల, కుడికి సుడి తిరిగే కాంతికీ ఎడమకు తిరిగేదానికీ అనునాదం, అంటే లయ కుదిరే చోటు, రవ్వంత వేరుపడి, బయటికొచ్చే కాంతి ధ్రువణతలం, అంటే కాంతి తరంగం ఊగే తలం, కొద్దిగా తిరుగుతుంది. 1845లో మైకేల్ ఫారడే గాజులో మొదట చూసిన తిరుగుడు ఈ కుటుంబానిదే. కోబాల్టు వంటి అయస్కాంత లోహాలలో అది బాగానే కనిపిస్తుంది కానీ, బంగారంలో మాత్రం పిసినారి చేతి చిల్లరంత.

అటువంటిది ఆ శుక్రవారం, క్షేత్రాన్ని పెంచుతున్నకొద్దీ ఆ తిరుగుడును చూపే డిటెక్టరు సంకేతం కూడా బుద్ధిగా పెరుగుతూ పోయింది. నేను ఆగలేక మైసూరుపాకు పొట్లాలు రెండు తెచ్చాను. మా సీనియరు అక్క ముక్క నోట్లో వేసుకుంటూనే, "క్షేత్రం దిశ తిప్పి చూశావా?" అని అడిగింది. తిప్పితే తిరుగుడు కూడా ఎదురు దిశకు మారాలి. మారలేదు, ఎటు తిప్పినా సంకేతం అదే వైపు పెరిగింది.

"ఏ ధ్రువమైనా ఒకటేనని అతుక్కుపోయేది ఇనుము, బంగారం కాదు," అంటూ ఆమె పరికరం చుట్టూ కప్పిన నల్లగుడ్డ అంచు ఎత్తింది. వెలుతురు చొరబడకుండా నేను గుడ్డకు పెట్టిన పిన్నీసు, అమ్మ ఊరగాయ జాడీ మూతగుడ్డకు గుచ్చి పంపినది, అయస్కాంతం వైపు నిటారుగా సాగి నిలబడి ఉంది. అది లాగినంత మేరా గుడ్డ తొలగి, ట్యూబులైటు వెలుగు డిటెక్టరులో పడుతోంది.

ప్లాస్టిక్ క్లిప్పు పెట్టి మళ్లీ కొలిస్తే మిగిలింది చాలావరకు నీళ్ల తిరుగుడూ, గాజు తిరుగుడూ. బంగారం వాటా గ్రాఫు గీత మందంలోనే కలిసిపోయింది.

మిగిలిన పొట్లం పిన్నిగారికిచ్చాను. ఆమె సంతోషించి, "ఏం నాయనా, నా గొలుసు కొక్కెం వదులైంది, మీ ఆఫీసులో బిగించుకొని రాగలవా?" అన్నారు. అప్పటికి జేబులో ఉన్న పిన్నీసే తీసి ఆమె చేతిలో పెట్టాను.