దరువు వేసినవారికి పేరు అక్కర్లేదా?

సోల్, ఫంక్ అనే అమెరికా నల్లజాతి సంగీత శైలుల ఎల్పీలు (పెద్ద గ్రామఫోన్ రికార్డులు) కొనేవారికి "నాలుగు సూత్రాలు" అంటూ ఒక సందేశం ఈ నెలలో ఐదుగురు మిత్రుల నుంచి నాకు వచ్చింది. నలుగురికి మర్యాదగా విడివిడిగా జవాబిచ్చాను. ఐదోసారికి ఓపిక నశించింది.

180 గ్రాముల రికార్డుకే మంచి ధ్వని ఉంటుందన్నది మొదటి సూత్రం. ధ్వని ఉండేది గాడిలో, బరువులో కాదు. తొలి ముద్రణ తప్ప మరేదీ కొనవద్దన్నది రెండో సూత్రం. అరవైల, డెబ్బైల నాటి తొలి ముద్రణల్లో చాలా భాగం 180 గ్రాములకు తక్కువే తూగుతాయి కాబట్టి ఈ రెండింటినీ ఒకేసారి పాటించడం ఎలాగో రాసినవారే చెప్పాలి.

పైగా తొలి ముద్రణలన్నీ మేలైనవీ కావు. 1973 చమురు సంక్షోభంతో రికార్డుల తయారీకి వాడే ప్లాస్టిక్ అయిన వినైల్ ముడిసరుకుకు కటకట వచ్చి, పాత రికార్డులను కరిగించి కలిపిన సరుకుతో కంపెనీలు పలచటి రికార్డులు అచ్చువేసిన రోజులున్నాయి. స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ 1971లో విడుదల చేసిన 'దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్'లో వినిపించే మసక అసలు టేపులోనే ఉంది. అదే టేపుపై మళ్లీ మళ్లీ చెరిపి రికార్డు చేయడం వల్ల పోయిన స్పష్టతను ఏ ముద్రణా తిరిగి తేలేదు. కొనేముందు లేబుల్ చుట్టూ ఉన్న నున్నటి వలయాన్ని వెలుతురుకు వాల్చి చూడండి. అక్కడ గీసిన అక్షరాలూ అంకెలూ ఆ కాపీ ఏ మూలఫలకం నుంచి వచ్చిందో చెబుతాయి.

సోల్ అంటే సింగిల్స్ (వైపుకొక పాట ఉండే చిన్న రికార్డులు) సంగీతమేనని, ఆల్బమ్‌లలో రెండు హిట్లు పోగా మిగిలింది నింపుడు సరుకని మూడో సూత్రం. అరవైల మధ్యనాటి మోటౌన్ అనే అమెరికా రికార్డు కంపెనీ విషయంలో ఇది చాలావరకు నిజమేనని ఒప్పుకుంటాను; ఆ పాటల మోనో సింగిల్‌లో ఉన్న బిగువు స్టీరియో ఎల్పీలో నాకూ దొరకలేదు. అయితే 1969లో ఐజాక్ హేస్ 'హాట్ బటర్డ్ సోల్'ను నాలుగే పాటలతో నింపాడు, వాటిలో ఒకటి 18 నిమిషాలు దాటుతుంది. స్టీవీ వండర్ 1973 నాటి 'ఇన్నర్‌విజన్స్'లోని 'లివింగ్ ఫర్ ద సిటీ' ఏడు నిమిషాలకు పైబడిన పాట. సింగిల్ కోసం కుదించినప్పుడు, న్యూయార్క్‌లో అడుగుపెట్టిన యువకుణ్ణి పోలీసులు పట్టుకుపోయే ఘట్టమే ఎగిరిపోయింది.

నన్ను నిజంగా బాధించినది నాలుగోది: "ఫంక్‌లో ఉన్నది ఒకటే దరువు, ఎవరైనా వాయించగలరు, వాద్యకారుల పేర్లు తెలియకపోయినా నష్టం లేదు." ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ పాట 'ఫంకీ డ్రమ్మర్'ను 1969లో రికార్డు చేశారు. అందులో మిగతా వాద్యాలన్నీ ఆగి, డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ ఒక్కడే వాయించే భాగం సుమారు 20 సెకన్లు. సోలో అక్కర్లేదు, వాయిస్తున్నదే కొనసాగించమని బ్రౌన్ ముందే చెప్పడం రికార్డులోనే వినిపిస్తుంది. పెద్ద దెబ్బల మధ్య స్నేర్ డ్రమ్ముపై పుల్ల తాకీ తాకనట్టు పడే చిన్న చిన్న దెబ్బలను లెక్కపెట్టడానికి ప్రయత్నించండి, "ఎవరైనా" అన్న మాట మళ్లీ నోట రాదు. పబ్లిక్ ఎనిమీ మొదలుకొని ఎందరో హిప్‌హాప్ కళాకారులు ఆ ముక్కను తమ పాటల్లో కలుపుకున్నారు. రచయితగా నమోదైన పేరు మాత్రం బ్రౌన్ ఒక్కడిదే, కాబట్టి 2017లో కన్నుమూసిన స్టబుల్‌ఫీల్డ్‌కు ఆ పాటపై రాయల్టీ హక్కు దక్కలేదు. పేరు లేకపోతే నష్టం లేదనేవారు ఈ నష్టాన్ని ఎవరి ఖాతాలో రాస్తారు? మోటౌన్ స్టూడియో వాద్యబృందానిదీ అదే గతి. జేమ్స్ జేమర్సన్ వంటి బేస్ గిటార్ వాద్యకారుడి పేరు అట్టపైకి ఎక్కడానికి 1971లో మార్విన్ గే ఆల్బమ్ 'వాట్స్ గోయింగ్ ఆన్' రావలసి వచ్చింది.

ఇంకొక సంగతి. 'ఫంకీ డ్రమ్మర్' 1970లో సింగిల్‌గా వచ్చింది. ఆల్బమ్‌లో చేరింది 1986 నాటి 'ఇన్ ద జంగిల్ గ్రూవ్' సంకలనంలోనే. రెండో సూత్రాన్ని నమ్మి డెబ్బైల నాటి ఎల్పీ కోసం వెతికేవారికి అది ఎన్నటికీ దొరకదు. ఆ సందేశాన్ని ఇంకా పంపించదలచినవారు నాలుగో సూత్రాన్ని కొట్టేసి, ఆ చోట క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అని రాసి పంపండి.