సొంత బండికి సొంతంగా పార్టు కొనేవాళ్లని ఏం చేద్దాం?

ఈ మధ్య మన ఊళ్లలో ఒక కొత్త రకం మనుషులు తయారయ్యారు. చూడ్డానికి మామూలుగానే ఉంటారు, ఉద్యోగం, ఈఎంఐ సగం తీరిన కారు, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లర్ పక్కన పార్కింగ్, అన్నీ ఉంటాయి, కానీ ఆదివారం వచ్చిందంటే చాలు పాత బనీను ఒకటి తగిలించుకుని, ఫోన్లో యూట్యూబ్ పెట్టి, జాకీ ఎక్కించి, చక్రం విప్పి, బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకుంటా అని కింద కూర్చుంటారు. ఇంతవరకు పర్లేదు. వాళ్ల చక్రం, వాళ్లిష్టం, వాచ్‌మన్‌కి కూడా కాస్త కాలక్షేపం. గొడవంతా ఎక్కడంటే, ఆ ప్యాడ్లు కూడా మేమే కొనుక్కుంటాం అని బజారుకి బయల్దేరతారు చూడండి, అక్కడ. మన దగ్గర స్పేర్ పార్టుల వ్యాపారం చాలా సున్నితమైన ఏర్పాటు, బండి ఓనర్ అనేవాడు జన్మలో కౌంటర్ దగ్గరికి రాడు అన్న నమ్మకం మీద ఇన్నేళ్లుగా నిలబడి ఉంది. అలాంటి చోటికి సాక్షాత్తూ ఓనరే చెప్పులేసుకుని నడుచుకుంటూ వచ్చేస్తే ఆ వ్యాపారం ఏమైపోవాలి? ప్రభుత్వం పట్టించుకోవట్లేదు, మేధావులు పట్టించుకోవట్లేదు, సరే నేనే పట్టించుకుంటున్నా.

ముందు ఒక విషయం తెలుసుకోవాలి. రేటు పార్టుకి ఉండదు, మొహానికి ఉంటుంది. డబ్బా మీద ఎమ్మార్పీ అని ఒకటి అచ్చేస్తారు, అది ఓనర్ కోసం. అదే డబ్బా మెకానిక్‌కి ఒక రేటు, నెలకోసారి లెక్క చూసుకునే గ్యారేజీకి ఇంకో రేటు, తమ షాపులో సరుకు లేకపోతే పరిగెత్తుకుంటూ వచ్చి పట్టుకెళ్లే పక్క షాపు కుర్రాడికి మరో రేటు. హైదరాబాద్‌లో జాంబాగ్, పుత్లీబౌలి వైపు వెళ్లినా, సికింద్రాబాద్ రాణీగంజ్ వెళ్లినా, బెజవాడ ఆటోనగర్ వెళ్లినా (అది ఆసియాలోనే పెద్దదని బెజవాడ వాళ్లు చెప్తారు, నేను వాదించను, బెజవాడ వాళ్లతో ఎవరు వాదిస్తారు) ఇదే రాజ్యాంగం. షాపాయన మీ బండి మోడల్ అడిగే ముందే మీ చేతులు చూస్తాడు. గోళ్లలో గ్రీజు ఉంటే ఒక రేటు, చేతికి స్మార్ట్ వాచ్ ఉంటే ఇంకో రేటు.

ఇంకో చిక్కు ఏంటంటే శాంపిల్. ఏది అడిగినా "పాతది తెచ్చిన్రా?" అంటారు. న్యాయమే, ఎందుకంటే ఒకే కారులో ఒకే ఏడాది ఫేస్‌లిఫ్ట్‌కి (అంటే కంపెనీ అదే కారుకి కాస్త మొహం మార్చడానికి) ముందొకటి తర్వాతొకటి ఉంటాయి, పేరు ఒకటే, బోల్టు బెజ్జాలు మాత్రం వేరు. కానీ పాతది తేవాలంటే విప్పాలి, విప్పితే బండి కదలదు, బండి కదలకపోతే మెట్రోలో వెళ్లాలి. కాబట్టి నూనె అంటుకున్న వాటర్ పంపో, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరో క్యారీబ్యాగులో వేసుకుని, అది సెక్యూరిటీ స్కానర్లోంచి అవతలికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి, ఆ తెరముందు కూర్చున్నాయనకి ఇది ఫలానా అని వివరించి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగి నడవాలి. ఇంత చేసి కౌంటర్ ముందు నిలబడితే అక్కడ జరిగేది ఇది.

"ఏం గావాలె సార్?"

"స్విఫ్ట్‌కి ముందు బ్రేక్ ప్యాడ్లు."

"ఏ ఇయరు? పెట్రోలా డీజిలా?"

అన్నీ చెప్తారు. వేరియంట్ కూడా చెప్తారు. అప్పుడొస్తుంది అసలు ప్రశ్న.

"మెకానిక్‌కి ఫోన్ గలపుండ్రి, నేను మాట్లాడ్త."

"మెకానిక్ లేడండీ, నేనే వేసుకుంటా."

షాపాయన ఒక్క క్షణం ఏమీ మాట్లాడడు. తర్వాత వెనక్కి తిరిగి, నిచ్చెన మీదున్న కుర్రాడితో "సార్ సొంతంగ ఏసుకుంటడంట" అంటాడు. ఆ కుర్రాడు పై అరలోంచి వంగి మరీ చూస్తాడు. పక్కన నిలబడి టీ తాగుతున్న అసలు మెకానిక్ (ఆ టీ షాపు వాళ్లే తెప్పించారు, మీక్కాదు, ఆయనకి) గ్లాసు దించి ఒక జాలి చూపు చూసి "బ్రేకులతోని ఆటలొద్దు సార్" అంటాడు. ఈ లోపు అద్దం బల్ల మీద మూడు డబ్బాలు పడతాయి.

"ఇది కంపెనీది. ఇది కంపెనీకి చేసిచ్చేటోళ్లది. ఇది మస్తు నడుస్తది."

"మూడోది ఎవరిది?"

"మస్తు నడుస్తది సార్."

ఇందులో రెండో డబ్బాని చూసి భయపడాల్సిన పనేమీ లేదు, నిజానికి తెలిసినవాళ్లు తీసుకునేది అదే. కార్ల కంపెనీలు ప్యాడ్లూ ప్లగ్గులూ హెడ్‌లైట్లూ సొంతంగా చేసుకోవు, లూమాక్స్ లాంటి వాళ్లు లైట్లు చేసిస్తే అవి మారుతి డబ్బాలో పడ్డప్పుడు ఒక రేటు, సొంత డబ్బాలో పడ్డప్పుడు ఇంకో రేటు. స్పార్క్ ప్లగ్గు అడిగితే ఇప్పటికీ "మైకోనా?" అంటారు, ఆ కంపెనీ 2008లోనే బాష్ అని పేరు మార్చుకుంది, కౌంటర్ దాకా ఆ కబురు ఇంకా రాలేదు. మొదటి డబ్బా విషయానికొస్తే హోలోగ్రామ్ చూసుకోండి అని పెద్దలు చెప్తారు. చూసుకోవచ్చు. డూప్లికేట్ మీదున్న హోలోగ్రామ్ ఒరిజినల్ కంటే ఎక్కువ మెరుస్తుంది, కాబట్టి మరీ మెరుస్తుంటే అనుమానించండి.

చివరిగా బిల్లు. అడక్కూడదు. అడిగారంటే "బిల్లు గావాల్నంటే జీఎస్టీ ఎక్స్‌ట్రా" అంటారు. ఎమ్మార్పీ అంటేనే అన్ని పన్నులూ కలిపిన రేటు కదండీ అని మీరు చదువుకున్న విషయం చెప్తారు, ఆయన చదువుకున్నది వేరు. మొన్నటిదాకా చాలా పార్టుల మీద 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18కి తగ్గించారు, కౌంటర్లో ఈ సంస్కరణ వెంటనే అమలైంది కూడా, బిల్లుకి అదనంగా అడిగేది 28 నుంచి 18 అయింది, బిల్లు లేని రేటు మాత్రం చెక్కు చెదర్లేదు. ఆయన తల వెనక గోడ మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఉంటుంది, దాని కింద చేత్తో రాసి "ఎలక్ట్రికల్ ఐటమ్స్‌కి గ్యారంటీ లేదు" అని ఉంటుంది, ఆ పక్కనే లాభం శుభం. లాభం ఎవరికో రాయలేదు.

ఇప్పుడు మీరంతా మెకానిక్ తన రేటుకి కొని మనకి ఎమ్మార్పీ వేసి కమీషన్ తింటున్నాడు, దొంగ అనేస్తారు. ఆగండి. ప్యాడ్లు మార్చడానికి లేబర్ ఎంత అని అడిగి, 500 అంటే 300 చెయ్యి అన్నది ఎవరు? మనమే. ఎండలో రోడ్డు పక్కన పడుకుని చేసే పనికి కూలీ ఇవ్వడానికి మనకి మనసొప్పదు, అదే డబ్బాకి ఎంతైనా ఇస్తాం, ఎందుకంటే డబ్బా కనిపిస్తుంది, దాని మీద రేటు అచ్చేసి ఉంటుంది. అందుకే ఆయన తన కూలీని తీసుకెళ్లి డబ్బాలో దాచుకున్నాడు. ఇప్పుడు మీరొచ్చి డబ్బా నేనే తెచ్చుకుంటా, నువ్వు బిగించు చాలు అంటే అతని మొహం ఎందుకు మాడదు చెప్పండి. అదే అమెరికాలో చూడండి, డాలస్‌లో ఉన్న మా బావ ఇక్కడ స్టెప్నీ మార్చమంటే మామయ్యని పిలిచేవాడు, అక్కడ డ్రైవ్‌వేలో పడుకుని తనే బ్రేకులు వేసుకుంటున్నాడు, కారణం ఆత్మనిర్భరత కాదు, లేబర్ రేటు. అక్కడ ఆటోజోన్ లాంటి షాపుకి వెళ్తే డిపాజిట్ పెట్టుకుని పనిముట్లు చేతికిస్తారు, పని అయ్యాక తిరిగిచ్చేస్తే డబ్బులు మొత్తం వాపసు, చెక్ ఇంజిన్ లైటు వెలిగితే లోపం ఎక్కడుందో చెప్పే కోడ్ ఊరికే చదివి చెప్తారు. ఓనర్ కోసమే కౌంటర్ కట్టారన్నమాట. ఇక్కడ ఓనర్‌ని చూస్తే నిచ్చెన మీద కుర్రాడు వంగి చూస్తాడు.

అయితే కంపెనీ షోరూముకే వెళ్దాం అంటారు కొందరు మర్యాదస్తులు. వెళ్లండి. ఏసీ, సోఫా, నీళ్ల బాటిల్, అన్నీ ఉంటాయి, పార్ట్స్ కౌంటర్ మాత్రం భవనం వెనకాల, వాషింగ్ బే దాటాక ఉంటుంది. అక్కడ కూర్చున్నాయనకి ఛాసిస్ నంబర్ చెప్పాలి, అది బండి గోత్రం లాంటిది, అది లేకుండా ఏ కార్యమూ జరగదు. కంప్యూటర్లో చూసి "స్టాక్ లేదు సార్, ఆర్డర్ పెట్టాలి, అడ్వాన్స్ కట్టండి, లేదంటే బండి ఇక్కడ పెట్టి వెళ్లండి, మేమే వేసేస్తాం" అంటాడు. బండి పెడితే స్టాక్ ఎలా వస్తుందో అని అడక్కండి. అడిగినవాళ్లు అడిగారు, ఆ ముచ్చట కూడా చెప్పాలి. ఓపెన్ మార్కెట్లో అసలు పార్టులు దొరక్కుండా చేస్తున్నారని 2011లో ఒకాయన ఫిర్యాదు పెడితే, 2014 ఆగస్టులో మార్కెట్లో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల జరిమానా వేసింది. కంపెనీల వాదన ఏంటయ్యా అంటే డిజైన్ల మీద హక్కులు మావి, పైగా శిక్షణ లేనివాళ్ల చేతికి పార్టులిస్తే ప్రమాదం అని. నేను ఈ వాదనకి పూర్తి మద్దతు. వైపర్ బ్లేడు లాంటి మారణాయుధం సామాన్యుడి చేతికి ఎలా ఇస్తాం? కంపెనీలు కోర్టులకెక్కాయి, 2022 డిసెంబర్లో కేంద్రం రైట్ టు రిపేర్, అంటే మన వస్తువు మనమే బాగు చేయించుకునే హక్కు, అని ఒక పోర్టల్ కూడా పెట్టింది, ఈ లోపు నిచ్చెన మీద కుర్రాడు పెద్దవాడై సొంత షాపు పెట్టుకుని ఉంటాడు.

ఆన్‌లైన్ ఉంది కదా అంటుంది యువతరం. బూడ్మో లాంటి పార్టుల వెబ్‌సైట్లలో పార్ట్ నంబర్ కొడితే కంపెనీదీ బయటిదీ పక్కపక్కనే రేట్లతో కనిపిస్తాయి, ఎవరూ మీ గోళ్లు చూడరు, ఇది ఒప్పుకోవాలి. కానీ కింద ప్రశ్నలు చదవండి. "ఇది నా బండికి సరిపోతుందా?" అని ఒకాయన అడుగుతాడు, "సరిపోతుంది" అని ఇంకొకాయన జవాబిస్తాడు, ఆ రెండో ఆయనకి అసలు ఆ బండే లేదు. ఇంకో ప్రమాదం యూట్యూబ్. అమెరికా వీడియో చూసి అందులో డ్రైవర్ సైడ్ అన్నాడు కాబట్టి ఎడమ వైపుది ఆర్డర్ పెడతారు, వాళ్ల డ్రైవర్ ఎడమ పక్కన కూర్చుంటాడు, మనవాడు కుడి పక్కన. పార్సిల్ విప్పాక రెండు వైపులా పట్టి చూసి, తలకిందులుగా పట్టి చూసి, చివరికి భార్యని పిలిచి మరీ చూపిస్తారు, అయినా ఎడమ వైపుది కుడి వైపుకి పట్టదు.

డీజిల్ కార్లవాళ్లకి మాత్రం ఒక ప్రత్యేక ఆనందం ఉండేది. ఫియట్ వాళ్ల 1.3 మల్టీజెట్ ఇంజినే స్విఫ్ట్‌లో, ఇండికా విస్టాలో, పుంటోలో, ఎన్నో బళ్లలో తిరిగింది, జనం దానికి నేషనల్ ఇంజిన్ అని పేరు కూడా పెట్టేశారు. దాంతో ఫియట్ ఓనర్లు టాటా కౌంటర్లో, టాటా ఓనర్లు మారుతి కౌంటర్లో మారువేషాల్లో తిరిగేవాళ్లు. ఇంజిన్ ఒకటే గానీ దాని చుట్టూ తగిలించినవి ఎవరివి వాళ్లవి, కాబట్టి ఆయిల్ ఫిల్టర్‌తో మొదలైన జాతీయ సమైక్యత గొట్టాలూ బ్రాకెట్ల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేది.

ఇక పాత సామాన్ల బజారు. మీరట్‌లో సోతీగంజ్ అని ఒకటుండేది, దొంగ బళ్లు విప్పి పార్టులుగా అమ్ముతున్నారని 2021 డిసెంబర్లో పోలీసులు మూయించారు. అలాంటి చోట అడగకూడని ప్రశ్న ఒకటే, ఎక్కడిదీ అని. మన వైపు పాత డోర్లూ అద్దాలూ కొనేటప్పుడు ఒకసారి మీ బండి చుట్టూ తిరిగి చూసుకుని వెళ్లండి, అన్నీ ఉన్నాయో లేదో. మొత్తం ఈ వ్యాపారంలో ఓనర్‌కి గౌరవం దక్కేది బ్యాటరీ షాపులోనే, పాతది మోసుకెళ్తే అందులో సీసానికి విలువ ఉంటుంది కాబట్టి ఎదురొచ్చి మరీ దించుకుని ఇంత అని తగ్గిస్తారు. మిగతా చోట్ల మీ శాంపిల్ మీరే పట్టుకెళ్లాలి, నూనెతో సహా.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపాలు. ఒకటి, సొంతంగా పార్టు కొనాలనుకునేవాళ్లకి లైసెన్స్ పెట్టాలి, టెస్టులో మూడు డబ్బాలు ముందు పెట్టి మస్తు నడిచేది ఏదో గుర్తుపట్టమనాలి, గుర్తుపట్టినవాళ్లని ఫెయిల్ చెయ్యాలి, వాళ్లొస్తే మార్కెట్‌కి నష్టం. రెండు, మెట్రోలో ఆల్టర్నేటర్ పట్టుకున్నవాళ్లకి వేరే సీటు ఇవ్వాలి, తెల్ల చొక్కాలవాళ్లకి దూరంగా. మూడు, మెకానిక్ ఎవరు అంటే నేనే అన్నవాడికి కౌంటర్ పక్కన ఒక స్టూల్ వేయించాలి. టీ అక్కర్లేదు, టీ మెకానిక్‌కే.