నలభై అయిదు సెకన్ల పురుగు, నలభై అయిదు నిమిషాల బావగారు

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు సరిహద్దు గీతకు అవతల పడిపోయినా, పెళ్లి విడిదిలో కూర్చుని లోకాన్ని ఉద్ధరించే అలవాటును మా పర్లాకిమిడి తెలుగువారు వదులుకోలేదు. మొన్నటి పెళ్లిలో ఆ భారాన్ని మా పెద్దక్క భర్త, రిటైర్డు హెడ్మాస్టరు, తలకెత్తుకున్నారు. కాఫీ గ్లాసు చేతబట్టి, ఫోనులో ఎవరో పంపిన ముక్కను చదివి, "ఏమోయ్ బావమరిదీ, అమెరికాలో ఒక పురుగు ఎన్నిసార్లు దొడ్డికెళుతుందో లెక్కపెట్టిన వాడికి డాక్టరేటు ఇస్తున్నారట! ప్రజల సొమ్ము!" అన్నారు. పందిరంతా నవ్వింది. నేనూ నవ్వాను, పెళ్లిలో బావగారి మాటకు నవ్వకపోతే అక్కకు చెప్పుకోవలసి వస్తుంది కనుక.

ఆ పురుగు పేరు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. పొడవు ఒక మిల్లీమీటరు. ఒళ్లు గాజులా పారదర్శకం, అందుచేత కడుపులో జరిగేదంతా సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. మేత దొరుకుతున్నంతసేపూ అది దాదాపు 45 సెకన్లకొకసారి మలవిసర్జన చేస్తుంది: ముందు వెనుకభాగపు కండరాలు ముడుచుకుంటాయి, తరువాత తలవైపువి, ఆ పిమ్మట విసర్జన. 1990లో జేమ్స్ థామస్ ఈ లయ తప్పిన పురుగులను ఏరి, ఏయే జన్యువు చెడితే ఏ మెట్టు తప్పుతుందో తేల్చాడు. కొన్నింటికి వ్యవధి సాగింది, కొన్నింటికి కుదించుకుపోయింది. 1995లో ఇంకొక చిత్రం బయటపడింది: 19 డిగ్రీల చలిలోనూ 30 డిగ్రీల ఉక్కలోనూ ఈ లయ దాదాపు మారదు. రోహిణి కార్తెలో మన గోడగడియారమూ, గుమాస్తా గారూ కూడా ఇంత నిలకడ చూపరు.

గడియారం ఎక్కడుందన్నది అసలు రసవత్తరమైన ప్రశ్న. "మెదడులోనే ఉంటుంది" అని బావగారు సెలవిచ్చారు. ఆ పురుగుకు 302 నాడీకణాలున్న మాట నిజమే కాని, తాళం వేసేది అవి కావు, పేగు. ఇరవై కణాల ఆ పేగులో కాల్షియం అల వెనుకనుంచి ముందుకు పాకిన ప్రతిసారీ ఒక ఆవృత్తి మొదలవుతుంది. కణంలో దాచుకున్న కాల్షియాన్ని బయటికి వదిలే తలుపు ఒకటుంది, దాన్ని తయారుచేసే జన్యువు ఐటీఆర్-1. అది చెడితే లయ నెమ్మదిస్తుంది, లేదా ఆగిపోతుంది. దాన్ని మోతాదు మించి పనిచేయిస్తే వేగం పెరుగుతుంది. ఇది 1999లో తేలింది.

ఇంతలో బావగారు స్నానాలగదిలోకి వెళ్లారు. విడిది మొత్తానికి ఉన్నది అదొక్కటే. తెల్లవారుజామున 4 గంటల 12 నిమిషాలకు ముహూర్తం, నిమిషం దాటితే ఊరుకోనని పురోహితుణ్ణి బెదిరించినది వీరే. బయట పెళ్లికొడుకు తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాడు, వాడి వెనుక మేనమామ, ఆయన వెనుక బూందీ వండే వంటవాడు. పురుగును మెల్లగా తాకితే దాని లెక్క మళ్లీ మొదటినుంచి మొదలవుతుందని శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. మేనమామ తలుపు తట్టాడు. లోపల తాళంచెవుల గుత్తి గలగలమంది, గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది, కుళాయి మళ్లీ మొదటినుంచి తిరిగింది. పది నిమిషాలాగి వంటవాడు తట్టాడు. మళ్లీ గలగల, మళ్లీ దగ్గు, మళ్లీ కుళాయి. నేను గడియారం చూసుకుంటూనే ఉన్నాను. బావగారు బయటికి వచ్చేసరికి 45 నిమిషాలు; ఆ వ్యవధిలో పురుగు అరవైసార్లు పని ముగించుకుని ఉండేది, ఏ పెళ్లికొడుకునూ నిలబెట్టకుండా.

గిడుగు రామమూర్తి పంతులు సవర గిరిజనుల మాటలు ఓపికగా విని, వారి భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన ఊరండీ ఇది! పనికిమాలినదని పదిమంది పక్కన పెట్టినదాని దగ్గర కూర్చుని లెక్కపెట్టడం ఏమిటో ఈ ఊరికి ఎవరూ చెప్పనక్కరలేదు. కాని మా పక్క బడిలో ఒక సూక్ష్మదర్శిని ఉంది. కొన్న నాటినుంచి బీరువాలోనే ఉంది. ఏటా దసరాకు బయటికి తీసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మళ్లీ లోపల పెడతారు. కుళ్లిన పనసపండు కింది మట్టిలో ఆ పురుగు చుట్టాలు కావలసినన్ని ఉంటాయి. ఒక చెంచాడు మట్టి, ఒక చేతిగడియారం ఉంటే చాలు, పదేళ్ల పిల్ల కూర్చుని చూడగలదు. ఆ పిల్లను చూడనివ్వరు. "పాడుచేస్తారు" అంటారు. ఎవరు పాడుచేస్తున్నారయ్యా? పిల్లల కళ్లకు అందకుండా వస్తువును పదమూడేళ్లు చీకట్లో తుప్పు పట్టించి, ఎక్కడో ఎవడో కళ్లు కాయలు కాచేలా చూసి తెలుసుకున్నదాన్ని దొడ్డికథ అని నవ్వడానికి సిగ్గుండాలి!

ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉందని బడిలో అడిగాను. పాత హెడ్మాస్టరుగారు రిటైరయ్యేటప్పుడు పొరపాటున ఇంటికి తీసుకుపోయారట.